పాతిక వాయిదాలు

3 ఫిబ్రవరి 1986, సోమవారం

పొద్దున బస్సులో ముందు సీటు కింద ఒక జత తెల్ల బూట్లు కనిపించాయి. సుద్ద రాసి ఆరబెట్టిన తెలుపు. ఎడమ మడమ దగ్గర ఒక మిరపగింజ అంటుకుని ఉంది. గుంటూరు నుంచి ప్రత్తిపాడు దాకా వాటినే చూస్తూ వచ్చాను. ఇన్ని ఖాళీ గోతాల మధ్య, ఇన్ని కాళ్ళ మధ్య అంత తెల్లగా ఎలా ఉంచుకోగలిగిందా అని. మనిషి ముఖం చూడలేదు. ముఖాలు చూడడం నాకు అలవాటు లేదు.

పదకొండు గంటలకు ఆ బూట్లే పోస్టాఫీసు గడప దాటి నా కౌంటరు వైపు వచ్చాయి.

పేరు రహిమున్నీసా. వయసు ముప్పై మూడు, ఖాతా కాగితంలో చూశాను. ఈ ఊళ్ళో నర్సింగ్ హోములో నర్సు. సౌదీలో ఒక ఆసుపత్రికి ఎంపికైంది. మార్చి ఇరవై ఐదున బయలుదేరాలి.

"ఇదిగోమ్మా, పదేళ్ళ ఖాతా. నెలకి యాభై. డెబ్బై ఎనిమిది మేలో మొదలుపెట్టా. ఎనభై ఎనిమిది మేలో చేతికొస్తది. ఈలోగా నేను దేశం దాటిపోతన్నా. దీన్ని ఏం చెయ్యాలో చెప్పు."

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి కూడా నాకు కొంత సేపు పట్టింది. వెనక వరుసలో వాళ్ళు గొణుగుతుంటే ఆమె అటు తిరిగి, "ఆగండర్రా, ఆ పిల్ల ఆలోచిస్తంది కదా" అంది. ఈ ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. కౌంటరు అవతలి వాళ్ళు నన్ను మామూలుగా అనే మాట, "ఏంటమ్మా, నోట్లో నాలిక లేదా" అని.

మా పోస్టుమాస్టరు గురునాథం గారు తన బల్ల దగ్గర నుంచే చెప్పారు. "బయటి దేశం వెళ్ళేవాళ్ళకి ఇట్లాంటి పన్ను లేని ఖాతాలు ఉండకూడదనుకుంటానమ్మా. మూసేసుకుంటే పోలా?"

"మూస్తే ఎంతొస్తది?"

"కట్టింది వస్తుంది. వడ్డీ బాగా తగ్గిపోతుంది. గడువు దాకా ఉంచితే పూర్తి వడ్డీ, దాని మీద పన్ను కూడా ఉండదు."

"అనుకుంటాను అన్నారు కదండీ. అనుకోడం కాదు, రాసి ఉన్నది చూసి చెప్పండి. నేను కూడా నుదురు పట్టుకుని జ్వరం అనుకోనండీ. థర్మామీటరు పెట్టి చూస్తా."

గురునాథం గారు నవ్వి రూల్సు పుస్తకం నా వైపు తోశారు. "మా సీతారత్నం కాన్వెంటులో చదివింది. ఈ ఇంగ్లీషు సంగతి తనే చూడాలి."

థర్మామీటరు మాట తిరుగు బస్సులో రెండుసార్లు గుర్తొచ్చింది.

4 ఫిబ్రవరి

రూల్సు పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. అమ్మ నవల అనుకుంది.

6 ఫిబ్రవరి

విదేశంలో ఉండేవాళ్ళు కొత్త ఖాతా తెరవకూడదని ఉంది. ఇక్కడ ఉండగా తెరిచి, కడుతూ, మధ్యలో వెళ్ళిపోయే మనిషి సంగతి లేదు. ఆ పేజీ మూడుసార్లు చదివాను. అలాంటి మనిషి ఒకరు ఉంటారని రాసినవాళ్ళకు తట్టలేదు కాబోలు.

గురునాథం గారి పేరుతో పై ఆఫీసుకి ఉత్తరం రాశాను. "ఎనిమిదేళ్ళుగా ఒక్క నెల కూడా తప్పకుండా కడుతున్న" అని రాసి, ఆఫీసు ఉత్తరంలో అలా రాయరని కొట్టేశాను. సాఫు ప్రతిలో మళ్ళీ రాశాను. ఆయన చదివి సంతకం పెట్టేశారు.

13 ఫిబ్రవరి, గురువారం

రహిమున్నీసా గారు జవాబు కోసం వచ్చారు. రాలేదని చెప్పాను. భోజనాల వేళ కావడంతో వరుస లేదు. బెంచీ మీద కూర్చుని నన్ను కూడా వచ్చి కూర్చోమన్నారు. కూర్చున్నాను.

ఆమె మాట్లాడే తీరు ఎలా ఉంటుందో రాసుకోవాలి. గొంతు పెంచరు. ఏ సంగతైనా కట్టు విప్పి గాయం చూపించినట్టు, ఇంతే ఉంది చూడు అన్నట్టు చెబుతారు.

భర్త కామెర్లతో పోయినప్పుడు ఆమెకు ఇరవై ఒకటి. తమ్ముడు మొహిద్దీన్ బాషా అప్పుడే లారీ మీద క్లీనరుగా చేరాడట. అక్క నర్సు ట్రైనింగుకి తన రోజు బత్తాలోంచి డబ్బు పంపాడు, మూడేళ్ళు. ట్రైనింగు అయ్యాక వచ్చిన మొదటి జీతంలోంచి ఈ ఖాతా తెరిచారు.

"దేనికండీ?" అన్నాను. నేనే అడిగాను.

"రెండు గదులకి. ఆరు మంచాలు పడితే చాలు. ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో నొప్పులొచ్చిన పిల్లని బండెక్కించి గుంటూరు తీసుకుపోతారు. సగం కాన్పులు దారిలోనే. ఎన్నిసార్లు బండి కింద మోకాళ్ళ మీద కూర్చున్నానో. సౌదీ జీతంతో గోడలు లేపుతా. స్థలానికి మాత్రం ఈ డబ్బే. ఇదొక్కటే నేను ఎవర్నీ అడక్కుండా పోగుచేసింది."

అందుకే ఇది మూసేయకూడదు. ఈ మాట నాకోసమే రాసుకుంటున్నాను. ఇంతవరకు ఏ ఖాతా గురించీ నేను ఇలా అనుకోలేదు.

19 ఫిబ్రవరి

రహిమున్నీసా గారు గుంటూరులో ఒక బ్యాంకు వాళ్ళు ఇచ్చిన కాగితం తెచ్చి చదివి చెప్పమన్నారు. విదేశంలో సంపాదించి పంపే డబ్బు కోసం వేరే ఖాతా. దాని వడ్డీ మీద కూడా పన్ను ఉండదు. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. ఇక్కడే ఉండేవాళ్ళ పేరు ఆ ఖాతాలో జత చేయడానికి వీల్లేదని ఒక వాక్యం.

"మళ్ళీ చదువమ్మా."

చదివాను.

"తమ్ముడి పేరు చేర్చకూడదా?"

"చేర్చకూడదండీ."

"ఆ రూలు రాసినాయన ఎవరోగాని, మా ఇంటికొచ్చి ఒక పూట అన్నం తిని పోయినట్టున్నాడు."

గురునాథం గారికి పొలమారింది. నేను కూడా నవ్వాను, చప్పుడు వచ్చేలా. కౌంటరు వెనక కూర్చుని నవ్వడం ఇదే మొదలు.

27 ఫిబ్రవరి

జవాబు రాలేదు.

3 మార్చి

జవాబు రాలేదు. ఆమె కూడా రాలేదు. నర్సింగ్ హోములో కాన్పులు ఎక్కువగా ఉన్నాయని పోస్ట్‌మ్యాన్ బుల్లయ్య చెప్పాడు.

5 మార్చి, బుధవారం

వచ్చింది. ఉన్న ఖాతా గడువు దాకా ఉండవచ్చు. కొత్తది తెరవకూడదు, గడువు పొడిగించకూడదు. వాయిదా ఎవరు తెచ్చి కట్టినా తీసుకోవచ్చు. వరుసగా తప్పితే మాత్రం ఖాతా ఆగిపోతుంది.

బుల్లయ్య చేత కబురు పంపితే సాయంత్రం వచ్చారు. ఉత్తరం మొత్తం విని, ఆ చివరి వాక్యం దగ్గర ఆగారు.

"అంటే నేను పోయినాక నెలనెలా ఇక్కడ ఎవరో కట్టాల."

"మీ తమ్ముడు గారు..."

"కడతాడమ్మా. గుర్తున్న నెల కడతాడు. లారీ అస్సాం పోయిన నెల కట్టడు."

ఆమె కోపంగా అనలేదు. చలికాలంలో చలి వేస్తుందన్నట్టు అన్నారు.

12 మార్చి, బుధవారం

ఈరోజు మొహిద్దీన్ బాషా వచ్చాడు. అక్క పాస్‌బుక్కు, ఖాతా మూసే ఫారం తెచ్చాడు. ఫారం కింద రహిమున్నీసా గారి సంతకం ఉంది. ఆమెదే. చివర గీత పైకి లేవడం నాకు తెలుసు. డబ్బు తమ్ముడికి ఇవ్వమని వెనక ఇంకో సంతకం, అది కూడా ఆమెదే. మిగతా రాత అంతా వేరే చేతిది, వేరే సిరా.

"అక్క డ్యూటీలో ఉందండీ. నన్ను తెమ్మంది. లారీలో వాటా కొంటన్నాం. అక్క తిరిగొచ్చేలోపు ఇది రెట్టింపవుద్ది."

లెడ్జరు దొరకలేదని చెప్పాను. గురునాథం గారు సోమవారం రమ్మన్నారు. "ఒక పుస్తకం దొరక్క ఐదు రోజులా?" అని గొణుక్కుంటూ వెళ్ళాడు. లెడ్జరు నిజంగానే దొరకలేదు. బీరువాలో ఎక్కడో ఉండి ఉంటుంది.

13 మార్చి

లెడ్జరు బీరువాలో లేదు. బయటే ఉంది. నిన్న హడావిడిలో చూసుకోలేదు.

14 మార్చి, శుక్రవారం

బుధవారం లెడ్జరు నా మోచేతి కిందే ఉంది. అతను మాట్లాడుతున్నంత సేపూ దాని మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను. సంతకం సరిపోయింది, పాస్‌బుక్కు ఉంది, మనిషి సొంత తమ్ముడు. రూలు ప్రకారం ఇవ్వాలి. నేను అబద్ధం చెప్పాను. గురునాథం గారు నా మోచేతిని చూశారు. చూసి, కళ్ళజోడు తీసి పంచె కొంగుతో చాలాసేపు తుడుచుకున్నారు. ఆ తర్వాతే సోమవారం రమ్మన్నారు.

ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది.

ఈ సాయంత్రం నర్సింగ్ హోముకి వెళ్ళాను. ఒక్కదాన్నే, ఎవరూ పిలవకుండా. వరండాలో ఆమె ఒక బాలింత తల్లితో మాట్లాడుతున్నారు. "ఆ పిల్లకి నీళ్ళు ఇవ్వకుండా ఎండబెట్టకమ్మా, మిరపకాయ కాదది." ఆ ముసలామె నవ్వి నీళ్ళ చెంబు కోసం లేచింది. నేను అయితే ఆ సంగతి చెప్పడానికి ఒక వ్యాసం రాసి ఉండేదాన్ని.

బాషా వచ్చిన సంగతి చెప్పాను. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆమె గోడకి ఆనుకున్నారు. చిన్నగా నవ్వారు.

"మూడు రోజుల బట్టీ వాడే టీ కాచి తెచ్చిస్తన్నాడమ్మా. అప్పుడే అనుకోవాల్సింది. పాస్‌పోర్టు పనికి అన్నాడు. ఇక్కడొకటి ఇక్కడొకటి పెట్టక్కా అన్నాడు. పెట్టా."

"చదవకుండానా అండీ?"

"చదవడానికి ఏముంది, ఖాళీ ఫారమే. మా ఇళ్ళల్లో అంతేనమ్మా. రేషనైనా కరెంటైనా, మగాళ్ళు తెచ్చి ముందు పెడితే సంతకం పెట్టడమే. చదివి పెడతానంటే, ఏం, నా మీద నమ్మకం లేదా అంటారు. మందు సీసా మీద చీటీ మూడుసార్లు చదివి గానీ సూది ఎక్కించని దాన్ని. చూడు నా తెలివి."

నేను ఏదో అనబోయాను, ఓదార్పు లాంటిది. ఆమె చెయ్యి ఎత్తారు.

"వాడు చెడ్డోడు కాదు. నా డబ్బు, వాడి డబ్బు అని రెండుంటాయని వాడికి ఎవరూ చెప్పలేదంతే. నేనన్నా చెప్పాల్సింది."

నన్ను బస్సు దాకా పంపించారు. దారిలో ఖాతా మాట రాలేదు. మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులున్నాయా, నువ్వు ఏం పుస్తకాలు చదువుతావు, ఇవే అడిగారు. బస్సు కదిలాక అర్థమైంది, నా కంగారు తగ్గేదాకా మాట్లాడించారని.

17 మార్చి, సోమవారం

పొద్దున తొమ్మిదిన్నరకే అక్కాతమ్ముళ్ళిద్దరూ వచ్చారు. ఫారం ఆమె చేతిలో ఉంది. నా ముందే నాలుగు ముక్కలు చేసి సంచిలో వేసుకున్నారు. బాషా కింది పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాడు.

"ఏరా బాషా," అన్నారు గురునాథం గారు, "మీ అక్క వెళ్ళాక వాయిదాలు నువ్వు కడతావా?"

"కట్టమంటే కడతానండీ."

"కట్టమనకపోతే?" అన్నారు అక్క.

అతను నవ్వాడు. అందరం నవ్వాం. కానీ దారి దొరకలేదు. ఆమె డ్యూటీకి వెళ్ళిపోయారు. ఎనిమిది రోజులే ఉంది.

మధ్యాహ్నం కనకలక్ష్మి గారు వచ్చారు. పదెకరాల మిరప ఉన్నావిడ. కాయలు గుంటూరు మిరప యార్డుకి వేసి, ఆ డబ్బుతో తన ఖాతాకి ఏడాది మొత్తం వాయిదాలు ఒకేసారి కట్టడం ఆవిడ పద్ధతి. ఈ ఊళ్ళో మిరప పండించేవాళ్ళంతా అంతే. నెలనెలా ఎవరి చేతిలో డబ్బు ఆడుతుంది? పాస్‌బుక్కులో ఒకదాని కింద ఒకటి పన్నెండు ముద్రలు వేయాలి. వేస్తున్నాను. ఏడో ముద్ర దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఏమ్మాయ్, సిరా అయిపోయిందా?" అన్నారు కనకలక్ష్మి గారు.

గురునాథం గారి బల్ల దగ్గరికి వెళ్ళాను. "సార్, పన్నెండు నెలలు ముందే తీసుకుంటున్నాం కదండీ. పాతిక తీసుకోకూడదా?"

ఆయనకి వెంటనే అర్థమైంది. రూల్సు పుస్తకం తీశారు. ఈసారి నా వైపు తోయలేదు. ఇద్దరం కలిసి చూశాం. ముందుగా ఎన్ని కట్టినా వద్దనే మాట ఎక్కడా లేదు.

"ముప్పై ఏళ్ళ బట్టీ ప్రతి మార్చిలో ఈ ముద్రలు వేయిస్తున్నానమ్మాయ్," అన్నారు. "జీతం మనిషికి కూడా పనికొస్తుందని తట్టలేదు చూశావా."

నాకూ ఆరు ముద్రల దాకా తట్టలేదు.

18 మార్చి

ఏప్రిల్ నుంచి ఎనభై ఎనిమిది ఏప్రిల్ దాకా పాతిక వాయిదాలు. పన్నెండు వందల యాభై రూపాయలు. చెప్పాను. ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుని, "గురువారం తెస్తా" అన్నారు. ఎక్కడి నుంచి అని అడగలేదు. ఏజెంటుకి, బట్టలకి, రైలుకి అంతా అయిపోయిందని ఆమే చెప్పారు మొన్న.

20 మార్చి, గురువారం

తెచ్చారు. నోట్లు ఘాటు వాసన వేస్తున్నాయి. నాకు తుమ్ములు వచ్చాయి.

కాన్పు చేసిన ఇళ్ళవాళ్ళు డబ్బు ఇవ్వబోతే ఆమె తీసుకోరు. వాళ్ళు ఊరుకోరు. పొలం కాయ కదా సిస్టరుగారూ, కాదనకండని ఒక బుట్ట ఎండుమిరపకాయలు గుమ్మంలో పోసి పోతారు. ఈ కాపులో అలా వచ్చినవి గోతాలకెత్తితే నాలుగు టిక్కీలయ్యాయట. సౌదీ వెళ్ళేముందు చుట్టాలకి పంచుదామనుకున్నారు. నిన్న బాషా చేతే గుంటూరు యార్డుకి వేయించి, కాటా దగ్గర తనే నిలబడ్డారు.

"నాలుగో టిక్కీ డబ్బు వాడిదే అన్నా. నాకెందుకక్కా అన్నాడు. తీసుకున్నాడనుకో."

నేను ముద్రలు వేశాను. పాతిక. ఏదీ వంకరపోకుండా వేశాను. ఆమె కౌంటరు మీద మోచేతులు ఆనించి, ఒక్కొక్కటీ చూస్తూ నిలుచున్నారు. వెనక వరుస పెరిగింది. ఎవరూ గొణగలేదు, లేదా నాకు వినపడలేదు.

"పాస్‌బుక్కు ఎవరి దగ్గర ఉంచి వెళ్తారండీ?" అని అడిగాను.

"ఇది లేకుండా డబ్బు ఇవ్వరు కదా?"

"ఇవ్వం."

"అయితే నాతోనే విమానం ఎక్కుద్ది."

పాస్‌బుక్కుని యూనిఫారం జేబులో, థర్మామీటరు పక్కన పెట్టుకున్నారు.

చదివిన పుస్తకాల్లో ధైర్యవంతులు చాలామంది తగిలారు. వాళ్ళందరూ పెద్ద గొంతుతో మాట్లాడతారు. ధైర్యం ఇంత మామూలుగా ఉంటుందని, పన్నెండు వందల యాభై రూపాయలకి చిల్లర అడక్కుండా సరిగ్గా తెచ్చినట్టు ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

24 మార్చి

రేపు.

25 మార్చి, మంగళవారం

సాయంత్రం బస్సులో ఆమె కూడా ఉన్నారు. గుంటూరు వెళ్ళి అక్కడి నుంచి రైలు. బాషా తలమీద ట్రంకుపెట్టె, చేతిలో పచ్చడి జాడీ. నన్ను చూసి, "లెడ్జరు దొరికిందాండీ?" అన్నాడు.

"దొరికింది," అన్నాను. అతని ముఖం చూసే అన్నాను.

"మా అక్క దొరకదింక మూడేళ్ళు," అన్నాడు. ఆ తర్వాత గుంటూరు దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆమె నాతో ఎక్కువ మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, "నేను చదవకుండా పెట్టిన సంతకానికి నువ్వు రెండు రోజులు అబద్ధం మొయ్యాల్సి వచ్చింది. ఇంకెప్పుడూ ఎవరికోసమూ మొయ్యబాక" అన్నారు. "నీకోసం కూడా."

ఆ చివరి మాట ఎందుకన్నారో తెలియదు. అలవాటుగా అన్నారేమో.

29 మార్చి

రాయడానికి ఏమీ లేదు. బుల్లయ్య, సిస్టరుగారి బదులు నర్సింగ్ హోముకి కొత్తమ్మాయి వచ్చిందని చెప్పాడు. చాలా గట్టిగా మాట్లాడుతుందట.

1 ఏప్రిల్, మంగళవారం

పొద్దున లెడ్జరులో ఆమె పేజీ తెరిచాను. ఏప్రిల్ వాయిదా, జమ. మే వాయిదా, జమ. అలా ఎనభై ఎనిమిది దాకా. మనిషి ఇక్కడ లేదు, ఖాతాలో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఆ పేజీ చూస్తుంటే నాకు గొప్పగా అనిపించింది. గురునాథం గారు కూడా వచ్చి ఒకసారి చూసి వెళ్ళారు.

నేను ఆమెలా కాలేను. ఆమెది వేరే సంగతి. ఆమె ఇంట్లో పద్ధతి వేరు, చదువు వేరు. మా ఇంట్లో అలాంటివి జరగవు. ఇలా రాసి, రాసింది మళ్ళీ చదివాను.

నాకు ఒక అన్నయ్య ఉన్నాడు. నా పాస్‌బుక్కు అతని దగ్గర ఉంటుంది. ఉద్యోగంలో చేరిన నెల నుంచీ ప్రతి ఒకటో తారీఖున, బస్సెక్కే ముందు, డబ్బు తీసే ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఇస్తున్నాను.